సగంలో ఆగిన పేపర్లు, రోజంతా ఖాళీ: పరిశోధకుడి సమయం ఎక్కడికి పోతోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పీహెచ్‌డీ మూడో ఏడు. కోర్సు పని అయిపోయింది కాబట్టి రోజంతా మీ చేతిలోనే ఉంది. అయినా రెండు పేపర్లు సగంలో ఆగిపోయాయి, చదవాల్సిన పీడీఎఫ్‌లు నాలుగు వందలు పేరుకున్నాయి, యాప్‌లు మార్చి మార్చి విసుగొచ్చింది. పని చేస్తున్నా, చేయకపోయినా ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటోంది. "నాకు పనికొచ్చే టైంటేబుల్ ఒకటి చెప్పండి" అన్నారు.

టైంటేబుల్ చెప్పను. చాలా ఏళ్లుగా పరిశోధక విద్యార్థులకు గైడుగా ఉన్నాను, నా పేపర్లు నేను రాసుకుంటూనే ఉన్నాను. గంటలవారీ టైంటేబుల్ వల్ల బాగుపడిన పరిశోధకులు నాకు పెద్దగా తారసపడలేదు. మొదటి వారం ఆరంభశూరత్వంతో నడుస్తుంది. రెండో వారం ఏదో ప్రయోగం చెడిపోతుంది, లేదా గైడు అర్జెంటుగా ఒక ప్రెజెంటేషన్ అడుగుతారు. మూడో వారానికి ఆ కాగితం వైపు చూడటానికే మొహం చెల్లదు.

దానికన్నా మీరు వివరంగా రాసిన ఆ మంగళవారాన్ని చూద్దాం. పదింటికి డ్రాఫ్టు తెరిచారు. మూడో బొమ్మ ఏ డేటాతో గీసిందో గుర్తు రాలేదు. పాత ఫోల్డర్లు వెతికితే ఇంచుమించు ఒకే పేరుతో నాలుగు ఫైళ్లు కనిపించాయి. ఏది సరైనదో తేలేసరికి పదకొండున్నర అయింది. అప్పుడొక రిఫరెన్సు కావాల్సొచ్చి వెతుకుతుంటే కొత్త పేపరు కంటబడింది, అది చదివారు. మధ్యాహ్నం గైడు మెయిలుకి జవాబు, ఆ తర్వాత జూనియర్‌కి పరికరం వాడటం చూపించడం. సాయంత్రానికి డ్రాఫ్టులో చేరినవి రెండు వాక్యాలు. దీనికి మీరు పెట్టుకున్న పేరు "క్రమశిక్షణ లేకపోవడం". నాకైతే అలా అనిపించలేదు. వేళకి కూర్చున్నారు, పని మీదే ఉన్నారు. ఉదయం గంటన్నర పోయినసారి ఎక్కడ ఆపారో కనుక్కోవడానికే సరిపోయింది.

పరిశోధనలో పని కన్నా, ఆగిన పనిని మళ్లీ అందుకోవడమే ఎక్కువ సమయం తింటుంది. మన పని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. మధ్యలో ఆగడం తప్పదు. ఆగిన ప్రతిసారీ తలలో ఉన్నదంతా చెదిరిపోతుంది. ఆ మూడు నమూనాలను ఎందుకు తీసేశాం? ఆ సమీకరణంలో ఆ పదం ఎందుకు వదిలేశాం? జర్నల్ తరఫున పేపరు పరిశీలించే రెండో రివ్యూయర్‌కి ఏం జవాబు చెబుదామనుకున్నాం? ఆ రోజు అరచేతిలో ఉన్నట్టే ఉంటాయి, మూడు వారాలయ్యాక ఎవరో చేసిన పనిలా కనిపిస్తాయి. తెరిచినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాల్సి వస్తుంది కాబట్టి ఆ ఫైలు తెరవాలంటేనే బెంగ, అందుకే ఇంకా ఆలస్యం, ఆలస్యమైనకొద్దీ ఇంకా మరుపు. మెయిలు అలా కాదు. తెరవగానే ఏం చేయాలో తెలుస్తుంది, అయిదు నిమిషాల్లో తెములుతుంది. మనసు అటే పోతుందంటే వింతేముంది? కాబట్టి రోజులో ఎన్ని గంటలున్నాయని లెక్కపెట్టుకోవడం మాని, ఆగిన పనిని పది నిమిషాల్లో మళ్లీ అందుకోగలిగేలా వదిలిపెట్టడం నేర్చుకోండి. కింద చెప్పేదంతా దాని చుట్టూ తిరిగేదే.

అన్నిటికన్నా ముఖ్యం ఆపే పద్ధతి. పని ఎలా మొదలుపెట్టాలో అందరూ చెబుతారు, ఎలా ఆపాలో చెప్పేవాళ్లు తక్కువ. లేవబోయే ముందు పది నిమిషాలు కొత్తగా ఏమీ చేయకండి. ఒకే ఒక సాదా టెక్స్ట్ ఫైలు పెట్టుకోండి. దాన్ని లాగ్ అనండి, డైరీ అనండి. పైన తేదీ వేసి మూడు సంగతులు రాయండి: ఇవాళ ఏం చేశాను, ఏది తేలలేదు, తర్వాత ఏం చేయాలి. ఆ మంగళవారం మీరే రాసి ఉంటే ఇలా ఉండేది:

"చేసింది: మూడో బొమ్మ సరైన డేటాతో మళ్లీ గీశాను. వాడింది ఫిబ్రవరి నాటి శుద్ధి చేసిన ఫైలు, మిగతా మూడూ పాతవి, పాతవి అనే ఫోల్డర్లోకి నెట్టాను.
తేలనిది: 7, 11 నమూనాలు తీసేస్తే గీత వాలు బాగా మారుతోంది. పరికరం క్యాలిబ్రేట్ చేసింది వాటికి ముందా, తర్వాతా?
తర్వాత: ల్యాబు పుస్తకంలో క్యాలిబ్రేషన్ తేదీ చూడు. ముందే అయితే ఏమీ మార్చక్కర్లేదు. తర్వాతైతే ఫలితాల్లో రెండో పేరా చివర ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పు."

మూడో భాగం ఎలా ఉందో చూడండి. బుర్ర పూర్తిగా చల్లబడిపోయిన మనిషి కూడా కుర్చీలో కూర్చున్న మరుక్షణం చేయగలిగిన పని అది. "చర్చ విభాగం కొనసాగించు" అని రాసుకుంటే ఏమీ రాయనట్టే. ఏ పుస్తకం తీయాలి, ఏ పేజీ చూడాలి, చూశాక ఏం నిర్ణయించాలి అన్నంత దాకా రాయాలి. అలా రాయలేకపోతున్నారంటే ఆ పని మీకే ఇంకా స్పష్టంగా లేదన్నమాట. ఆ సంగతి ఇవాళ తెలియడమే మేలు.

దీని వెనక పరిశోధనా ఉంది. ఒక పని సగంలో వదిలి ఇంకో దానికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల కొత్త పనీ సరిగ్గా సాగదని సోఫీ లెరోయ్ 2009లో చూపించారు. తర్వాత ఆమే థెరీసా గ్లాంబ్‌తో కలిసి 2018లో ఇంకో మెట్టు ఎక్కారు. పని వదిలేముందు ఎక్కడున్నాను, తిరిగొచ్చి ఏం చేస్తాను అని క్షణం ఆగి రాసుకున్నవాళ్లలో ఆ వెనకలాగుడు తగ్గింది. అంటే లాగ్ రాసుకోవడం వల్ల రేపటి పనికే కాదు, ఇప్పుడు వెళ్లబోయే మీటింగుకీ లాభమే.

వాక్యం మధ్యలో ఆపేస్తే మర్నాడు తేలిగ్గా మొదలుపెట్టొచ్చు అనే సలహా మీరు వినే ఉంటారు. రోజూ రాసే కథకులకి అది పనికొస్తుందేమో. మనకు ఆ "మర్నాడు" మూడు వారాల తర్వాత వస్తుంది, అప్పటికి ఆ సగం వాక్యం ఎటు పోబోయిందో ఎవరికి గుర్తు?

ఇక్కడే ఇంకో అలవాటు చెబుతాను. దీన్ని పాటించేవాళ్లు చాలా తక్కువ, లాభం చాలా ఎక్కువ. పేపరు జర్నల్‌కి పంపిన రోజు అందరూ హమ్మయ్య అనుకుని ఫోల్డరు మూసేస్తారు. రివ్యూలు నెలల తర్వాత వస్తాయి. అప్పటికి మీరు వేరే పనిలో పీకల్లోతు మునిగి ఉంటారు. గడువు మాత్రం వారాల్లోనే ఇస్తారు. పాత పనిని అందుకోవడం దీనికన్నా కష్టంగా ఇంకెక్కడా ఉండదు. అందుకని పంపిన రోజే, అంతా వేడిగా ఉన్నప్పుడే, ఇంకో గంట కూర్చోండి. పంపిన ప్రతి, దానికి వాడిన డేటా, బొమ్మలు గీసిన చిన్న ప్రోగ్రాములు (స్క్రిప్టులు) అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి ఇక దాన్ని ముట్టుకోకండి. పక్కనే ఒక పేజీ నోట్ రాయండి. ఏ బొమ్మ ఏ స్క్రిప్టు నుంచి వచ్చింది, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, ప్రయత్నించి వదిలేసిన విశ్లేషణలేవి, ఎందుకు వదిలేశాం. అన్నిటికన్నా విలువైన భాగం చివరిది: ఈ పేపర్లో రివ్యూయర్ ఎక్కడ పట్టుకుంటారని నాకు అనుమానం, పట్టుకుంటే నా జవాబేంటి. పంపిన రోజు ఇది మీకు స్పష్టంగా తెలుసు. రివ్యూ వచ్చిన రోజు తెలియదు, పైగా కామెంట్లు చదివి ఉడికిపోతూ ఉంటారు.

కామెంట్లు వచ్చాక వాటిని ఒక పట్టికలో పెట్టండి. ఒక్కో కామెంటుకీ ఒక్కో వరుస. వాళ్లు అడిగిందేంటి, మనం ఒప్పుకుంటున్నామా లేదా, పేపర్లో ఏ పేజీలో మార్చాం, ఇంకా ఏం మిగిలింది. మొదటి రోజు జవాబులు రాయకండి, పట్టిక మాత్రమే నింపండి. కోపం చల్లారేలోగా ఆ గుట్ట చిన్న చిన్న పనులుగా విడిపోయి ఉంటుంది. సగానికి పైగా కామెంట్లు అక్షరదోషాలో, ఒక రిఫరెన్సు చేర్చమనడమో, ఒక వాక్యం విడమరచమనడమో అయి ఉంటాయి. నిజంగా తల బద్దలు కొట్టుకోవాల్సినవి రెండో మూడో. సహరచయితలకి ఎవరి వరుసలు వాళ్లకి పంచడానికీ ఆ పట్టికే పనికొస్తుంది.

మామూలు రోజుల్లోనూ ఇదే సూత్రం. మీ చేయాల్సిన పనుల జాబితాలో మొదటి వరుస "పేపరు 1 పూర్తి చేయాలి" అని ఉంది. అది పని కాదు, కోరిక. కూర్చుని లేచేలోగా అయిపోయే ముక్కగా మారేదాకా దాన్ని విరగ్గొట్టాలి. "పద్ధతుల విభాగంలో నమూనాల సేకరణ పేరా రాయి", "రెండో పట్టికలో యూనిట్లు సరిచూడు", "పరిచయంలో పాత పనితో తేడా చెప్పే రెండు వాక్యాలు రాయి" అలా. మొత్తం పేపరుని ఒకేసారి ఇలా విరగ్గొట్టాలని కూర్చోకండి. అదీ ఒక రకం తప్పించుకోవడమే. వచ్చే వారానికి సరిపడా ముక్కలుంటే చాలు.

ఇక రోజు సంగతి. రోజంతా రాయగలగడం ఎవరివల్లా కాదు. చార్లెస్ డార్విన్ దినచర్య అతని కొడుకు ఫ్రాన్సిస్ రాసి పెట్టాడు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక విడత, పదిన్నర నుంచి పన్నెండు దాకా ఇంకో విడత, అంతటితో అసలు పని ముగిసేది. మిగతా రోజు నడక, ఉత్తరాలు, చదువు. అతనికి వంటమనిషీ, ఆస్తీ ఉన్నాయి, మనకు క్లాసులూ మీటింగులూ ఉన్నాయి, నిజమే. నాకు ఆసక్తి కలిగించేది గంటల లెక్క కాదు, ఆ మూడు గంటలు ఎలా సరిపోయాయన్నది. తన దగ్గర పేర్లు రాసిన అరల్లో ముప్పై నలభై పెద్ద అట్ట ఫైళ్లు ఉండేవని, ఏ సమాచారం దొరికినా వెంటనే దాని ఫైలులో వేసేవాడినని డార్విన్ ఆత్మకథలో రాసుకున్నాడు. చదివిన పుస్తకం చివర తన పనికి పనికొచ్చే సంగతులకు సూచిక రాసేవాడు. కొత్త విషయం మొదలుపెట్టేముందు ఆ సూచికలన్నీ కలిపి ఒక పెద్ద సూచిక తయారుచేసుకునేవాడు. కూర్చునేసరికి ముడిసరుకంతా చేతికందేలా ఉండేది.

మీకు చురుగ్గా ఉండే వేళ ఏదో మీకే తెలుసు. ఆ వేళలో గంటన్నర రెండు గంటల ముక్క ఒకటి రోజూ తీసిపెట్టండి. క్యాలెండరులో మీటింగులాగే దానికీ చోటు కేటాయించండి. ఎవరైనా ఆ వేళకి అడిగితే "అప్పుడు పని ఉంది" అని చెప్పొచ్చు, అది అబద్ధం కాదు. ఆ ముక్కలో మెయిలు తెరవకూడదు. ఒక రిఫరెన్సు కావాలనిపిస్తే డ్రాఫ్టులోనే "ఇక్కడ రిఫరెన్సు" అని గుర్తుపెట్టి ముందుకు పోండి. ఆ మంగళవారం పదకొండున్నర తర్వాతి వేళని మింగింది రిఫరెన్సు వెతుకులాటే. గుర్తులన్నీ పోగేసి సాయంత్రం, బుర్ర మందగించాక, ఒకేసారి వెతికితే అరగంటలో అయిపోతాయి. మెయిళ్లకి రోజులో రెండు వేళలు చాలు. గైడుకి ముందే చెప్పి ఉంచితే ఎవరూ ఏమీ అనుకోరు.

వారానికొకసారి అరగంట లాగ్ వెనక్కి తిప్పండి. ఎవరి జవాబు కోసం ఎదురుచూస్తున్నారో వాళ్ల పేర్లతో వేరే చిన్న జాబితా ఉంచండి. "నేను చేయాల్సినవి" లోంచి "వేరేవాళ్లు చేయాల్సినవి" విడదీస్తే గుండెల మీంచి సగం బరువు దిగుతుంది. గుర్తుచేయాల్సినవాళ్లకి ఆ రోజే ఒక మెయిలు కొట్టొచ్చు.

ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతి గురించి అడిగారు. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది అది. పేపర్లు దిద్దడానికీ, రిఫరెన్సులు సరిచేయడానికీ, మొండికేసిన రోజు ఎలాగోలా కూర్చోవడానికీ బాగుంటుంది. నిరూపణ రాస్తున్నప్పుడో, కోడులో తప్పు వెతుకుతున్నప్పుడో నాకది చిరాకు. అప్పుడే దారి దొరుకుతుంటే గంట మోగుతుంది.

గడువులు ఎప్పుడూ తప్పుతున్నానన్నారు. అందరూ తప్పుతారు, దీని మీద లెక్కలున్నాయి. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో, ఆనర్స్ థీసిస్ రాస్తున్న మనస్తత్వశాస్త్ర విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. వాళ్లు చెప్పింది సగటున 33.9 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే ఎంతపడుతుందని అడిగితే 48.6 రోజులన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. మామూలు అంచనాయే కాదు, అతి చెడ్డ అంచనా కూడా తక్కువైపోయింది. ఈ జాడ్యానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వర్‌స్కీ 1979లోనే "ప్లానింగ్ ఫాలసీ" అని పేరు పెట్టారు. అంచనా వేసేటప్పుడు మనం ఎదుటి పనిని ఊహించుకుంటాం, ఇలాంటి పని పోయినసారి ఎంతపట్టిందో చూసుకోం. దీనికి మందు మళ్లీ ఆ లాగే. అందులో తేదీలున్నాయి కాబట్టి పోయిన పేపర్లో ఫలితాల విభాగానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టి చూడండి. "ఈసారి అలా కాదులే" అనిపిస్తుంది. అనిపించనివ్వండి, గైడుకి మాత్రం పాత లెక్కే చెప్పండి.

నాలుగు వందల పీడీఎఫ్‌ల గురించి: వాటిని చదవడం మీ బాకీ అనుకోవడం మానేయండి. చాలావాటికి అయిదు పది నిమిషాల చదువు చాలు. శీర్షిక, సంక్షిప్తం, పరిచయం, విభాగాల పేర్లు, ముగింపు, రిఫరెన్సుల్లో తెలిసినవేవో ఒక చూపు. కంప్యూటర్ నెట్‌వర్కుల శాస్త్రవేత్త ఎస్. కేశవ్ 2007లో వివరించిన మూడు విడతల చదువులో మొదటి విడత అదే. రెండో విడత గంట దాకా పడుతుంది. అక్షరమక్షరం చదివే మూడో విడత మీ పనికి గుండెకాయలాంటి కొద్ది పేపర్లకే. ఏ విడతలో ఆపినా, ఆపిన చోట రెండు వాక్యాలు రాయండి, మీ మాటల్లో: ఇందులో ఏముంది, నా పనిలో ఇది ఎక్కడ తగులుతుంది. రెండోది రాయలేకపోతే ఆ పేపరు మీకు ఇప్పుడు అక్కర్లేదు. రిఫరెన్సులు దాచుకునే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ప్రతి పేపరు కిందే నోట్ రాసుకోవచ్చు, డ్రాఫ్టులోకి రిఫరెన్సులూ అదే తెచ్చిపెడుతుంది. పసుపు రంగు పూయడాన్ని నోట్సు అనుకోకండి. ఏడాది తర్వాత ఆ గీతలు చూస్తే ఎందుకు గీశామో తెలియదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ నోట్సు రాసి దాచుకున్న చీటీల పెట్టె గురించి వీడియోలు చూసి అదీ మొదలుపెట్టానన్నారు. లూమన్ ఇంచుమించు తొంభై వేల చీటీలు రాశాడు, వాటి ఆధారంగా డజన్లకొద్దీ పుస్తకాలూ రాశాడు. ఇప్పుడు ఆ పద్ధతి గురించి మాట్లాడేవాళ్లలో కొందరు చీటీల దగ్గరే ఆగిపోతున్నారు. పెట్టె సర్దుకోవడం హాయిగా ఉంటుంది, పేపరు రాయడం కష్టం. ఎటు జారిపోతామో చెప్పక్కర్లేదు. యాప్‌ల సంగతీ అంతే. ఇప్పుడున్నది ఏదైతే అది, థీసిస్ సమర్పించేదాకా మార్చకండి.

ఫైళ్ల పేర్లు చిన్న సంగతిలా కనిపిస్తాయి, కానీ మీ గంటన్నరని మింగినవి అవే. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో పేరు మొదట్లో పెట్టండి, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పే వరుస అదే. అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమంలోనే కనిపిస్తాయి. "ఫైనల్" అనే మాట ఏ ఫైలు పేరులోనూ వద్దు, దాని వెనకే "ఫైనల్ 2", "అసలు ఫైనల్" వచ్చి తీరతాయి. ముడి డేటా ఒక ఫోల్డరులో, దాన్ని ఎవరూ మార్చకూడదు, మీతో సహా. మార్చినవి ఇంకో ఫోల్డరులో. బొమ్మలు చేత్తో సర్దకుండా స్క్రిప్టుతో గీస్తే, బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నే రాదు. కోడు రాసేవాళ్లు మార్పుల చరిత్ర దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్ వాడి, ఎప్పటికప్పుడు అందులో నమోదు చేస్తుంటే పాతవన్నీ భద్రం. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, అందులో ఒకటి వేరే చోట అనే బ్యాకప్ సూత్రం మీకు తెలిసే ఉంటుంది. తెలియడం వేరు, ఈ నెలలో చేశారా అన్నది వేరు.

గైడుతో మీటింగుకి వెళ్లే ముందు రోజు అర పేజీ పంపండి: పోయినసారి నుంచి ఏం జరిగింది, ఎక్కడ చిక్కుకున్నాను, మీరు తేల్చాల్సినవి ఏవి. ఇది ఆయన కోసం కూడా. ఆయన మీలాంటివాళ్లని చాలామందిని చూస్తుంటారు, మీ పనిని ఆయనా ప్రతిసారీ మొదటినుంచి అందుకోవాలి. మీటింగులో మొదటి ఇరవై నిమిషాలు "ఎక్కడున్నాం మనం?" అన్న దానికే పోవడం చాలా చోట్ల చూస్తాం. మీటింగయ్యాక అనుకున్నవి నాలుగు వరుసల్లో మెయిలు చేయండి. "నేనలా అనలేదే" అనే మాట అక్కడితో ఆగిపోతుంది. డ్రాఫ్టు పంపితే వారాల తరబడి పలకని గైడుకి మొత్తం పేపరు కాకుండా ఒక్క విభాగం పంపి, ఫలానా రెండు సంగతుల మీద అభిప్రాయం కావాలని అడిగితే జవాబు త్వరగా రావడానికి అవకాశం ఎక్కువ. పరికరం చూపించమని జూనియర్లు వస్తుంటే, ఒకసారి చూపిస్తున్నప్పుడే మెట్లన్నీ రాసిపెట్టి తర్వాతవాళ్లకి ఆ కాగితం ఇవ్వండి.

ఇక ఆగిపోయిన ఆ రెండు పేపర్లు. రెండూ ఒకేసారి కదిలించొద్దు. రెంటికీ చెరో గంట కూర్చుని, తేలని ప్రశ్నలు ఏమేం మిగిలాయో రాయండి. ఎవరి మీదా ఆధారపడకుండా మీరే తేల్చగలిగేవి ఎక్కువున్న పేపరు ముందు. ఏది గొప్పది, ఏది పెద్ద జర్నల్‌కి పోతుంది అని ఆలోచించకండి. ఒకటి బయటికి పోతే రెండోదానికి ఊపిరి వస్తుంది. రెండోదాన్ని ఊరికే మూలన పడేయడం కాకుండా సరిగ్గా మూయండి. పైన చెప్పిన లాంటి నోట్ ఒకటి రాసి, సహరచయితలకి "దీన్ని ఫలానా నెలలో మళ్లీ తీస్తాను" అని మెయిలు పెట్టండి. తెరిచి ఉన్న పేపరు రోజూ మనసులో గీరుతుంటుంది. తేదీ వేసి మూసిన పేపరు అంతగా బాధించదు. మసికాంపో, బామైస్టర్ 2011లో చేసిన ప్రయోగాల్లో కూడా, మిగిలిపోయిన పనికి ఎప్పుడు ఎలా చేస్తామో ఒక పథకం రాసుకుంటే చాలు, పని పూర్తవకపోయినా అది మధ్యలో వచ్చి ఆలోచనల్ని చెదరగొట్టడం తగ్గింది.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ చేశాక, లాగ్ రాసి ఉండి, తర్వాతి పని స్పష్టంగా ఉండి, ఫైళ్లు సర్ది ఉండి, అయినా ఆ డ్రాఫ్టు తెరవబుద్ధి కాకపోతే అప్పుడది సమయం సమస్య కాదు. చాలాసార్లు ఆ పేపర్లోనే ఏదో లోపం మనకి లోలోపల తెలిసి ఉంటుంది: ఫలితం బలహీనంగా ఉంది, పోలిక పెట్టిన పద్ధతి సరిగ్గా లేదు, అడిగిన ప్రశ్నే పాతబడిపోయింది. దాన్ని మాటల్లో పెట్టడానికి భయపడి బద్ధకమని పేరు పెట్టుకుంటాం. మీ లాగ్‌లో "తేలనిది" దగ్గర ఒకే ప్రశ్న వారం వారం తిరిగి వస్తోందేమో చూడండి. వస్తుంటే దాన్నే గైడు ముందు పెట్టండి: "ఈ రెండు నమూనాలు తీసేస్తే మన ఫలితం నిలవట్లేదు, ఇంకో ప్రయోగం చేద్దామా, లేక ఈ పేపరు ఆపేద్దామా?" అని సూటిగా అడగండి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం గైడు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో వెళ్లాలి. మీ సంస్థలో ఆ సదుపాయం ఉంటే వాడుకోండి. పేపరు అందాకా ఆగుతుంది.